అన్నాచెల్లెళ్లను జత కట్టించకండి: ఫెర్రెట్ల పెంపకంపై ప్రసంగ పాఠం

విజయవాడలో పెంపుడు జంతువులు పెంచేవాళ్లు కలిసి పెట్టుకున్న ఆదివారం సమావేశంలో ఒక పశువైద్యుడు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ల కోసం ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు మాత్రమే తీసేశాం, మిగతాదంతా ఆయన అన్నది అన్నట్టే ఉంది.

అందరికీ నమస్కారం. వెనకాల వినబడుతోందా అండీ? ఆ ఫ్యాన్ కొంచెం తగ్గిస్తే బాగుండు... వద్దులెండి, ఈ ఎండల్లో ఫ్యాన్ తగ్గిస్తే నేను మొదలుపెట్టేలోపే సగంమంది లేచిపోతారు. ఉండనివ్వండి, నేనే గట్టిగా మాట్లాడతాను.

నన్ను కుక్కల గురించి చెప్పమన్నారు. కుక్కల గురించి చెప్పేవాళ్లు మీకు చాలామంది దొరుకుతారు. నేను ఫెర్రెట్ల గురించి మాట్లాడతానన్నాను. ఇక్కడ ఎంతమంది ఇళ్లలో ఫెర్రెట్లు ఉన్నాయి? చేతులెత్తండి. చూశారా, పట్టుమని పదిమంది కూడా లేరు. మరి ఇంత కొద్దిమంది కోసం ఎందుకు అని మీకు అనిపించవచ్చు. కొద్దిమందే ఉండటమే ఇక్కడ అసలు సమస్య అండి. అదే చెప్పబోతున్నాను. మిగతావాళ్లు, కుక్కలున్నవాళ్లు, పెర్షియన్ పిల్లులున్నవాళ్లు, లవ్‌బర్డ్స్ ఉన్నవాళ్లు కూడా వినండి, లెక్క అందరికీ ఒకటే.

ఫెర్రెట్ అంటే తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. చూడటానికి ముంగిసలా ఉంటుంది, కానీ ముంగిస కాదు. ముంగిసను ఇంట్లో పెట్టుకుంటే అటవీశాఖవాళ్లు వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తారు, ఆ పని చేయకండి. ఫెర్రెట్ యూరప్ జంతువు. అక్కడ పోల్‌క్యాట్ అని ఒక అడవి జంతువు ఉంది, దాన్ని రెండు వేల ఏళ్లకు పైగా మచ్చిక చేస్తూ వచ్చారు, కుందేళ్లను బొరియల్లోంచి తరమడానికి. ఇప్పుడు ఇంట్లో ఆడుకునే పెట్ అయింది. చలిదేశపు జంతువు, 30 డిగ్రీలు దాటితేనే ఇబ్బంది పడుతుంది, మనమేమో మే నెలలో 45 చూస్తాం. ఏసీ లేని ఇంట్లో దీన్ని పెట్టుకోవద్దని నా దగ్గరికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతాను. సరే, అది వేరే విషయం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఒక జత కొంటారు. ఒక మగది, ఒక ఆడది. షాపువాడు ఇచ్చేటప్పుడే "జత సార్, జత తీసుకోండి, ఒంటరిగా ఉండలేవు" అంటాడు. అందులో కొంత నిజం ఉంది, అవి తోడుంటేనే హుషారుగా ఉంటాయి. కానీ ఆ రెండూ ఎక్కడివి? ఒకే పెట్టెలో వచ్చినవి. ఒకే తల్లి పిల్లలు. షాపువాడిని అడిగితే "వేరే వేరే సార్" అంటాడు. ఏది వేరే? రంగు వేరే! ఒకటి గోధుమరంగు, ఒకటి తెల్లది. ఒకే ఈతలో రెండు మూడు రంగుల పిల్లలు పుట్టొచ్చని ఎంతమందికి తెలుసు?

అవి ఏడాది నిండకముందే ఎదకు వస్తాయి. ఇక్కడ ఫెర్రెట్లలో ఒక తిరకాసు ఉంది. కుక్క ఎదకు వస్తే మూడు వారాల్లో దానంతట అదే సర్దుకుంటుంది. ఆడ ఫెర్రెట్ అలా కాదు. దానికి మగదాంతో కలిస్తేనే అండం విడుదలవుతుంది. కలవకపోతే ఆ ఎద వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఎక్కువైపోయి, ఎముక మజ్జలో రక్తం తయారవడం ఆగిపోయి, చిగుళ్లు తెల్లబడి, చివరికి చచ్చిపోతుంది కూడా. ఇది నిజం, భయపెట్టడానికి చెప్పటం లేదు.

ఇది యూట్యూబ్‌లో చూసినవాళ్లు ఏం చేస్తారు? టెన్షన్ పడిపోతారు. "డాక్టర్ గారూ, ఆడది చచ్చిపోతుందట, అందుకని ఇంట్లో ఉన్న మగదాంతోనే క్రాసింగ్ చేయించేశాం" అంటారు. ఆ మగది ఎవరు? దాని అన్న. ప్రాణం కాపాడాలన్న మంచి ఉద్దేశంతోనే చేశారు, నేను కాదనను. కానీ ఆ ప్రాణం కాపాడటానికి వేరే దారులు ఉన్నాయి. ఎద మొదలై పది రోజులు దాటాక హార్మోన్ ఇంజెక్షన్ ఇస్తే అండం విడుదలై ఎద తగ్గుతుంది. చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ ఉంది. పిల్లలు వద్దనుకుంటే గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషన్ ఉంది. బ్రిటన్‌లో అయితే వేసెక్టమీ చేసిన మగవాటిని ప్రత్యేకంగా ఈ పనికే ఉంచుకుంటారు, వాటికి హాబ్లెట్ అని పేరు కూడా ఉంది. కలుస్తుంది, ఆడదాని ఎద తగ్గుతుంది, పిల్లలు పుట్టవు. ఇన్ని దారులుండగా అన్నను తెచ్చి కట్టించడం ఎందుకండీ?

ఇప్పుడు మీరు అడుగుతారు, జంతువులకు అన్నేంటి, చెల్లేంటి సార్, వాటికి వరసలున్నాయా అని. వాటికి వరసలు లేవు, నిజమే. వాటి జీన్లకు మాత్రం ఉన్నాయి.

ప్రతి ప్రాణికి ప్రతి జీన్ రెండు కాపీలు ఉంటాయి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. కారుకు స్టెపినీ ఉన్నట్టు అనుకోండి. ఒక కాపీ పాడైనా రెండోది పని నడిపిస్తుంది, బయటికి ఏమీ తెలియదు. మనందరిలోనూ అలా పాడైన కాపీలు కొన్ని ఉంటాయి. నాలోనూ ఉంటాయి, మీలోనూ ఉంటాయి, ఇక్కడ కూర్చున్న ఎవరూ మినహాయింపు కాదు. బయటి సంబంధం చేసుకుంటే నాలో పాడైన జీన్ వేరు, ఆవిడలో పాడైన జీన్ వేరు, పిల్లలకు ఇబ్బంది రాదు. అన్నాచెల్లెళ్లకైతే ఏమవుతుంది? ఒకే తండ్రి దగ్గర పాడైన కాపీ ఇద్దరికీ వచ్చి ఉండొచ్చు. వాళ్ల పిల్లకు రెండు వైపుల నుంచీ అదే వస్తుంది. ఇక నడిపించేదేది?

దీనికి లెక్క ఉంది. దగ్గర చుట్టాల మధ్య పిల్లలు పుట్టడాన్ని అంతఃప్రజననం అంటారు, ఈ లెక్కను అంతఃప్రజనన గుణకం అని పుస్తకాల్లో రాస్తారు, మనం శాతం అనుకుందాం చాలు. పిల్లలో ఏదైనా ఒక జీన్ రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎంత అన్నది ఆ శాతం. అన్నాచెల్లెళ్ల పిల్లకు 25. తండ్రి కూతుళ్ల పిల్లకు 25. తల్లి కొడుకులకూ అంతే. తండ్రి ఒకడే, తల్లులు వేరు అయితే 12.5.

ఇంకా చెబుతాను, మీ మనసులో ఏముందో నాకు తెలుసు. మేనమామ మేనకోడలు? 12.5. బావామరదళ్లు? 6.25. అదుగో, ఆ మూల నవ్వుతున్నారు! నేను ఎవరినీ ఏమీ అనటం లేదు అండి, మా ఇంట్లోనూ మేనరికాలు ఉన్నాయి. మన దగ్గర మేనరికం చేసుకుంటామన్నప్పుడు డాక్టర్లు ఒకసారి ఆలోచించుకోండి అని ఎందుకంటారో, ఆ 6.25 కోసం అంటారు. ఆ 6.25కే ఇంత ఆలోచించే మనం, ఫెర్రెట్ల విషయంలో 25 దగ్గర కళ్లు మూసుకుని కూర్చుంటున్నాం.

అక్కడితో ఆగదు కూడా. ఆ పిల్లల్లో మళ్లీ ఒక అన్నను, చెల్లెలిని ఉంచుకుంటారు. "మా ఇంట్లో పుట్టినవి కదా, అమ్మబుద్ధి కాలేదు" అంటారు. రెండో తరం అలాగే కలిస్తే 37.5. మూడో తరం 50. నాలుగో తరం దాదాపు 59. ఫెర్రెట్లకు తరం అంటే ఏడాది. నాలుగేళ్లలో, అదే ఇంట్లో, అదే బోనులో, మీకు తెలియకుండానే 59కి చేరిపోతారు.

ఇక్కడ తప్పకుండా ఒకరు అడుగుతారు, మొన్న ఒకాయన అడిగారు కూడా: "మరి ల్యాబుల్లో తెల్లెలుకలు అలాగే పెంచుతారు కదా సార్, వాటికేం కాలేదే?" అని. మంచి ప్రశ్న. ల్యాబు ఎలుకల్లో ఒక లైను, అంటే ఒక వంశం, పూర్తి అంతఃప్రజనన లైను అనిపించుకోవాలంటే వరసగా కనీసం 20 తరాలు అన్నాచెల్లెళ్లనే కట్టించాలి. అలా మొదలుపెట్టిన లైన్లలో చాలావి మధ్యలోనే ఆగిపోయాయి, పిల్లలు పుట్టక, పుట్టినవి బతకక. మిగిలి బయటపడ్డ కొన్నింటినే మనం చూస్తున్నాం. పోయినవాటిని ఎవరూ ఫొటో తీసి పెట్టరు కదా. మీ దగ్గర రెండే జతలు ఉన్నప్పుడు, ఆ పోయేవాటిలో మీవి ఉండవని ఎవరు చెప్పగలరు?

సరే, ఏమవుతుంది అసలు? సినిమాల్లోలాగా రెండు తలలతో పుడతాయా? లేదు. అందుకే జనం నమ్మరు. ఈ నష్టం చాలా నెమ్మదిగా, చడీచప్పుడు లేకుండా వస్తుంది. మామూలుగా ఫెర్రెట్ ఒక ఈతలో ఎనిమిది పిల్లల దాకా పెడుతుంది. దగ్గర సంబంధాల్లో అది ఐదు అవుతుంది, మూడు అవుతుంది, ఒకటి రెండు అవుతుంది. పుట్టిన పిల్ల పది గ్రాములు కూడా ఉండదు మామూలుగానే, ఇంకా చిన్నవి పుడితే మొదటి వారంలోనే పోతాయి. మగవాటిలో వీర్యం నాణ్యత పడిపోతుంది, వృషణం కిందికి దిగకుండా కడుపులోనే ఉండిపోవచ్చు. అంగిలి చీలి పుట్టవచ్చు, తోక వంకర కావచ్చు. ఇవన్నీ ప్రతి జతలోనూ వస్తాయని కాదు. ఒక ఈతలో అన్నీ బాగానే పుట్టవచ్చు. "మాకేం కాలేదండీ" అనేవాళ్లు అబద్ధం చెప్పటం లేదు, వాళ్ల వంతు ఇంకా రాలేదు, లేదా వాళ్ల పిల్లల్ని కొనుక్కున్నవాళ్లకు వచ్చింది.

ఒక విషయం మాత్రం స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే మా వృత్తివాళ్లు కూడా అన్నింటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఫెర్రెట్‌కు వచ్చే ప్రతి జబ్బూ దగ్గర సంబంధం వల్ల కాదు. అడ్రినల్ గ్రంథి జబ్బు ఉంది, తోక దగ్గర మొదలై వెంట్రుకలన్నీ ఊడిపోతాయి. అమెరికాలో చాలా ఎక్కువ. అక్కడ పిల్లలుగా ఉండగానే, అమ్మకానికి ముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసేస్తారు, దానివల్ల హార్మోన్ల అదుపు తప్పుతుందని ఎక్కువమంది చెప్పే కారణం. ఇన్సులినోమా అని క్లోమంలో గడ్డ వస్తుంది, చక్కెర పడిపోయి, చొంగ కారుస్తూ, మూతిని కాళ్లతో గీరుకుంటూ కూలబడిపోతుంది. వీటిలో వంశం పాత్ర కూడా ఉండొచ్చు, ఎందుకంటే అక్కడి పెంపుడు ఫెర్రెట్లలో చాలాభాగం కొన్ని పెద్ద ఫారాల నుంచే వస్తాయి. ఉండొచ్చు అంటున్నాను, ఉంది అనటం లేదు.

చెవుడు సంగతి ఇంకోలా ఉంటుంది. తలమీద తెల్లచార ఉన్నదాన్ని బ్లేజ్ అంటారు, తలంతా తెల్లగా ఉన్నదాన్ని పాండా అంటారు. ముద్దుగా ఉంటాయి, ధర ఎక్కువ పలుకుతాయి. వాటిలో చాలావరకు పుట్టుచెవుడు. ఎందుకు? ఒంటికి రంగునిచ్చే కణాలే లోపలి చెవిలో కూడా ఉండాలి, వినికిడికి అవి కావాలి. తలమీదికి ఆ కణాలు చేరకపోతే వెంట్రుక తెల్లబడుతుంది, చెవిలోకి చేరకపోతే చెవి వినబడదు. ఇది దగ్గర సంబంధం వల్ల పుట్టింది కాదు, ఆ రంగు జీన్ వల్లే. మరి మన విషయానికి సంబంధం ఏంటి? ఆ రంగు ఎక్కువ రావాలని, ఉన్న ఒక్క తెల్లచార మగదాన్ని దాని కూతురికీ, దాని మనవరాలికీ కట్టిస్తారు. అప్పుడు రంగూ చిక్కబడుతుంది, చెవుడూ చిక్కబడుతుంది, దాంతోపాటు ఆ మగదానిలో కనబడకుండా ఉన్న చెత్తంతా చిక్కబడుతుంది. మీ ఫెర్రెట్ మీరు తలుపు తీసి లోపలికొచ్చినా లేవకుండా పడుకుంటోందా? ఆడుకుంటూ రెండోదాన్ని గట్టిగా కొరికేస్తోందా, అది అరిచినా వదలటం లేదా? పొగరు అనుకోకండి. వినబడటం లేదేమో చూడండి.

ఇప్పుడు మిమ్మల్ని అమెరికా తీసుకెళ్తాను. టికెట్ అక్కర్లేదు. అక్కడ నల్లకాళ్ల ఫెర్రెట్ అని ఒక అడవి జాతి ఉంది. మన ఇళ్లలో ఉండేదానికి చుట్టం, కానీ వేరే జాతి. గడ్డి మైదానాల్లో ప్రెయిరీ డాగ్ అనే ఉడుతజాతి జంతువును తిని బతుకుతుంది. రైతులు ప్రెయిరీ డాగ్‌లకు మందుపెట్టి చంపారు, తిండి పోయింది, ఇవీ పోయాయి. 1979 నాటికి ఈ జాతి అంతరించిపోయిందనే అనుకున్నారు. 1981లో వ్యోమింగ్ రాష్ట్రంలో మీటీట్సీ అనే చిన్న ఊరి దగ్గర ఒక రైతు ఇంటి కుక్క ఏదో జంతువును చంపి గుమ్మంలో తెచ్చి పడేసింది. ఆ కుక్క పేరు షెప్. తీరా చూస్తే అది పోయిందనుకున్న నల్లకాళ్ల ఫెర్రెట్! వెతికితే అక్కడ ఒక గుంపు బయటపడింది, 1984కి లెక్క వందకు పైగా వచ్చింది. సంతోషపడేలోపే 1985లో డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు, ప్లేగు రెండూ తగులుకున్నాయి. 1987కల్లా బతికున్నవాటిని పట్టి తెచ్చారు. ఎన్నో తెలుసా? 18. ప్రపంచం మొత్తం మీద 18.

వాటితోనే పెంపకం మొదలుపెట్టారు. ఆ 18లో జన్యుపరంగా తర్వాతి తరాలకు అందింది ఏడింటి రక్తమే. ఏడు! 1991 నుంచి అడవిలో వదలడం మొదలైంది. ఇప్పటిదాకా కేంద్రాల్లో పుట్టినవి వేలల్లో ఉన్నాయి. వేలల్లో పుట్టాయి కదా, ఇక సమస్య ఏముంది అనిపిస్తుంది. ఏముందంటే, వేలల్లో ఉన్నా అన్నీ ఆ ఏడింటి పిల్లలే. ఎన్ని ఉన్నాయి అన్నది ఒక లెక్క, ఎన్నింటి నుంచి వచ్చాయి అన్నది ఇంకో లెక్క. ఈ రెండో లెక్క ఎవరూ చూడరు. ఇది గుర్తుపెట్టుకోండి, నేను ఇవాళ చెప్పేదంతా ఇదే.

వాళ్లు ఎంత జాగ్రత్తగా ఉన్నారో చూడండి. ప్రతి జంతువుకూ ఒక వంశావళి పుస్తకం. ఏది ఎవరి బిడ్డ అన్నది అందులో ఉంటుంది. మొత్తం గుంపుతో ఏది తక్కువ చుట్టరికం ఉన్నదో లెక్కకట్టి, దాన్ని ముందు జత కట్టిస్తారు. అందమైనదని కాదు, మచ్చికైనదని కాదు, తక్కువ చుట్టరికం ఉన్నదని. చనిపోయిన మగవాటి వీర్యం గడ్డకట్టించి దాచి, 20 ఏళ్ల తర్వాత దాంతో పిల్లలు పుట్టించారు. ఇంత చేసినా తరాలు గడిచేకొద్దీ వీర్యం నాణ్యత తగ్గుతూ వచ్చింది. ఏడింటితో మొదలైతే అంతకంటే ఏం చేయగలరు?

అప్పుడు ఏం చేశారంటే, ఇది వింటే మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. ఆ చివరి గుంపులో విల్లా అని ఒక ఆడది ఉండేది. దాని సంతానం ఏదీ నిలవలేదు. 1988లో దాని కణాలు శాన్ డియాగోలో గడ్డకట్టించి దాచారు. 2020 డిసెంబర్ 10న ఆ కణాల నుంచి క్లోనింగ్ ద్వారా ఒక పిల్లను పుట్టించారు, పేరు ఎలిజబెత్ ఆన్. కన్నది ఎవరో తెలుసా? మామూలు పెంపుడు ఫెర్రెట్, మన ఇళ్లలో ఉండేది, అదే సరోగేట్ తల్లి. ఎలిజబెత్ ఆన్‌కు గర్భసంచి సమస్య వచ్చి పిల్లలు కలగలేదు. 2023లో అవే కణాల నుంచి మరో రెండు పుట్టాయి, నొరీన్, ఆంటోనియా. 2024లో ఆంటోనియా వర్జీనియాలోని స్మిత్సోనియన్ కేంద్రంలో మూడు పిల్లల్ని కంది. ఒకటి పోయింది, రెండు బతికాయి. ముప్పై ఆరేళ్లుగా ఫ్రీజర్‌లో ఉన్న ఎనిమిదో రక్తం అలా గుంపులోకి వచ్చింది. ఏడు ఎనిమిది కావడానికి అంత కష్టం, అంత ఖర్చు! మనకు బయటి రక్తం కావాలంటే గుంటూరులో ఉన్నవాళ్లకు ఫోన్ చేస్తే సరిపోతుంది. మనం ఆ ఫోన్ కూడా చేయం.

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకునేవాళ్లకు మన ఒంగోలు ఎద్దు చాలు. మన ఒంగోలు జాతి బ్రెజిల్ వెళ్లి నెలోర్ అయింది, అక్కడ కోట్లలో ఉంది. 1963లో ఇక్కడి నుంచి వెళ్లిన ఒక ఆంబోతు పేరు కరవది. ఒంగోలు పక్కన కరవది ఊరు ఉంది చూడండి, ఆ పేరే. ఇవాళ అక్కడి మందల్లో వంశం వెనక్కి తవ్వుకుంటూ పోతే చాలాచోట్ల ఆ ఎద్దే తగులుతుంది. కోట్ల పశువులున్న దేశంలో కూడా ఈ చుట్టరికం లెక్కలు చూసుకోవాల్సిన పరిస్థితి. మరి మన ఊళ్లో ఫెర్రెట్లు ఎన్ని? అవి ఎన్నింటి నుంచి వచ్చాయి? హైదరాబాద్ నుంచో, చెన్నై నుంచో, బెంగళూరు నుంచో డీలర్లు పంపుతారు. వాళ్లకు ఎవరు పంపారు? బెజవాడలో ఒక షాపులో మగది, గుంటూరులో ఇంకో షాపులో ఆడది కొని "మావి వేరే వేరే" అని నిశ్చింతగా ఉన్నవాళ్లను చూశాను. రెండు షాపులకూ సరుకు ఇచ్చింది ఒకే డీలర్ అయితే? తెలియనప్పుడు చుట్టాలే అనుకోవాలి. అది నా పద్ధతి.

రాసుకోవడం మనకు అలవాటు లేదని కాదు. గుంటూరు పక్కన లాం ఫాం ఉంది, ఒంగోలు పశువుల్ని కాపాడే పరిశోధన కేంద్రం. అక్కడ చెవికి నంబరు లేకుండా దూడ ఉండదు, ఏ ఆవుకు ఏ ఎద్దుకు పుట్టిందో రిజిస్టర్ ఉంటుంది. అంతదాకా ఎందుకు, పందెం కోళ్లు పెంచేవాళ్లను అడగండి. పందేలు చట్టవిరుద్ధం, నేను సమర్థించటం లేదు, ఆ మాట ముందే చెబుతున్నాను. కానీ వాళ్లను అడిగితే ఈ పుంజు తల్లి ఎవరు, ఆ తల్లికి తండ్రి ఎవరు, ఎవరి దొడ్డిలోది అని మూడు తరాలు నోటికి చెబుతారు. పాతిక వేలు, ముప్పై వేలు పోసి ఫెర్రెట్ కొన్నవాడిని దాని తల్లి ఎవరంటే "షాపులో అడగలేదండీ" అంటాడు.

అందుకని నేను అడిగేది పెద్ద పని కాదు. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఎక్కడ కొన్నారు, ఏ నెలలో, షాపుకు ఎక్కడి నుంచి వచ్చింది, అదే పెట్టెలో వచ్చినవి ఇంకెవరు కొన్నారు. మైక్రోచిప్ వేయిస్తే మరీ మంచిది. ఈ హాల్లో ఫెర్రెట్లున్న ఆ కొద్దిమందీ ఒకరి నంబరు ఒకరు తీసుకోండి, ఇవాళే. పిల్లలు పుడితే ఎవరికిచ్చారో రాసుకోండి, లేకపోతే రెండేళ్ల తర్వాత మీ పిల్లే ఎవరి ద్వారానో తిరిగి మీ ఇంటికి "కొత్త రక్తం" పేరుతో వస్తుంది. నవ్వకండి, కుక్కల్లో ఇది రోజూ జరుగుతుంది.

బయటి రక్తం నిజంగా పనిచేస్తుందా అంటే, చేస్తుంది. ఫ్లోరిడాలో పాంథర్ అనే పెద్దపిల్లి ఇరవై ముప్పైకి పడిపోయింది. తోకలు వంకర, మగవాటికి వృషణాలు దిగకపోవడం, గుండెలో లోపాలు. 1995లో టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడవాటిని తెచ్చి వదిలారు. తర్వాతి సంవత్సరాల్లో ఆ లోపాలు తగ్గాయి, సంఖ్య పెరిగింది. లెక్క ప్రకారం కూడా, ఎంత దగ్గర సంబంధంలో పుట్టినదైనా సరే, అసలు చుట్టరికం లేనిదానితో కడితే వాటి పిల్లల శాతం మళ్లీ సున్నాకు వస్తుంది. ఇది శుభవార్త. కానీ పాడైన కాపీ ఎక్కడికీ పోదు, మళ్లీ దాక్కుంటుంది అంతే. ఆ పిల్లల్లో మళ్లీ అన్నాచెల్లెళ్లను కడితే మళ్లీ బయటికొస్తుంది.

ప్రశ్నలు అడగమన్నారు. ఆ అమ్మాయి చేయెత్తింది, చెప్పమ్మా. ఆ... మైక్ ఇవ్వండి ఆవిడకు. వినబడని వాళ్ల కోసం నేను చెబుతాను: వాళ్ల ఇంట్లో అన్నాచెల్లెళ్లు కలిసేశాయి, ఆడది ఇప్పుడు కడుపుతో ఉంది, ఏం చేయాలి అంటోంది. ముందు భయపడకమ్మా. కలిసిన తేదీ గుర్తుందా? రాసిపెట్టావా? శభాష్. ఫెర్రెట్ 42 రోజులకు ఈనుతుంది, ఒక రోజు అటూ ఇటూ. నాలుగు వారాలు దాటాక స్కానింగ్‌కు తీసుకురా, పిల్లలు ఎన్నో చూద్దాం. ఎందుకంటే దగ్గర సంబంధాల్లో పిల్లలు తక్కువ కదా, ఫెర్రెట్లలో ఒకటి రెండు పిల్లలే ఉంటే ఒక ప్రమాదం ఉంది. కాన్పు మొదలవ్వాలంటే పిల్లల వైపు నుంచి సంకేతం అందాలి, ఒకటే పిల్ల ఉంటే ఆ సంకేతం చాలదు, నొప్పులు రావు, పిల్ల లోపలే పెద్దదై చనిపోతుంది, తల్లికీ ముప్పు. 42 దాటి 43వ రోజు వచ్చినా ఈనలేదంటే "ఇవాళ కాకపోతే రేపు" అని ఇంట్లో కూర్చోవద్దు, సిజేరియన్ చేయాలేమో. గన్నవరంలో వెటర్నరీ కాలేజీ ఉంది, ముందే ఒకసారి వెళ్లి అక్కడ ఫెర్రెట్ కేసు చూస్తారా, ఏ టైములో ఉంటారు అని కనుక్కో. రాత్రిపూట వెతుక్కునే పని పెట్టుకోవద్దు.

ఈనాక మగదాన్ని వేరే బోనులో పెట్టు, తల్లిని వారం పది రోజులు కదిలించవద్దు, చుట్టాలందరికీ చూపించవద్దు, బెదిరితే పిల్లల్ని తినేస్తుంది. పిల్లల్ని ఎవరికైనా ఇస్తే ఇవి అన్నాచెల్లెళ్లకు పుట్టినవి అని కాగితం మీద రాసి ఇవ్వు, ఎదకు రాకముందే ఏం చేయాలో డాక్టర్‌ను అడగమని చెప్పు. ఆ మగదాన్ని వచ్చే వారం నా దగ్గరికి తీసుకురా, ఆపరేషన్ సంగతి మాట్లాడదాం. పొద్దున్నే ఎండెక్కకముందు రా, బుట్టలో తడిగుడ్డ వేసి.